ఇచ్చిన పేరా ఆధారంగా

బఫెలోలో, లాండ్రీ షాపు మీది గదిలో
నలుగురికి చదవడం నేర్పుతాను.
వాళ్లకి చదవడం రాక కాదు.
కింద డ్రయ్యర్లు తిరుగుతుంటే నేల వెచ్చగా ఉంటుంది,
అద్దె తక్కువ.
అందుకే ఇక్కడున్నానంటే
ఎల్‌శాట్‌కి కూర్చునే మిలోరాడ్ ఒప్పుకోడు,
"రెండూ నిజమే, కానీ 'అందుకే' ఎక్కణ్ణించి వచ్చింది?"

సిటీ బస్సు నడుపుతాడు. లాయరవుతాడట.
వాక్యం కనబడితే బానెట్ ఎత్తి చూస్తాడు:
చెప్పకుండా దాచిన ఊహ ఏ మూలుంది?
'కొందరు' ఉన్నచోటికి 'అందరూ' ఎలా దూరింది?
అతని పరీక్షకి మాటల మీద మోజు లేదు,
మాటకీ మాటకీ మధ్య అతుకు మీదే కన్ను.

జీఆర్ఈ అలా కాదు, నగల కొట్టు.
ఒక ఖాళీ చూపించి, ఆరు మాటలు ట్రేలో పరిచి
రెండు ఏరుకోమంటుంది,
రెండూ ఒకే అర్థానికి తూగాలి.
ప్రిసిల్లా చీటీల మీద మాటలు రాసి
ఫ్రిజ్‌కి, అద్దానికి, కుక్క పట్టెడకి కూడా అంటించింది.
'మితభాషి' మెడలో వేసుకుని
ఆ కుక్క వీధి వీధంతా మొరిగిందట.

జీమ్యాట్ ఒకప్పుడు వ్యాకరణం అడిగేది.
కర్త ఈ ఒడ్డున, క్రియ ఆ ఒడ్డున,
మధ్యలో దారి తప్పిన విశేషణం.
నాకిష్టమైన భాగం. తీసేశారు.
ఇప్పుడు దానికి తొందరెక్కువ:
ఈ ప్లాను ఎక్కడ చెడుతుంది, తొందరగా చెప్పు.
టైర్ల గోడౌను చూసుకునే డెస్మండ్‌కి అదే నచ్చింది.

ఇక ఎంక్యాట్.
రేపు గుండెలు కోయబోయేవాళ్ల ముందు
పాత కుండల మీది రంగుల గురించి పేరా పెడుతుంది.
బయటి సంగతులు తేవద్దు,
రాసినాయన మనసులో ఏముందో ఇందులోంచే చెప్పు, అంటుంది.
నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఓడెస్సా
ఆవలిస్తూ అంది:
"నాకిది రోజూ ఉండేదే.
అక్కడైతే పేరా కూడా ఇవ్వరు."

నవంబర్లో సరస్సు మంచు కుమ్మరించిన సాయంత్రం
బస్సులు ఆగిపోయాయి. ఎవరూ కదల్లేదు.
పేరాలన్నీ అయిపోయాక
జేబులోని ఉత్తరం బల్ల మీద పెట్టాను.
పదకొండేళ్ల తర్వాత, ఈరీ నుంచి, మా అక్క.

*ఈ ఏడు చలి ముందే వచ్చింది.
అమ్మ నీలం కోటు ఇంకా ఇక్కడే ఉంది.
నాకు బిగుతు.*

"రమ్మని ఎక్కడా లేదు" అన్నాడు మిలోరాడ్,
తప్పు తనదైనట్టు.
'బిగుతు' మీద వేలుంచి ప్రిసిల్లా
జోడీ మాట కోసం చాలాసేపు వెతికింది.
ఏదో రాసింది, మాకు చూపించకుండా చెరిపేసింది.
"పార్సిల్ చెయ్యొచ్చుగా? తొమ్మిది డాలర్లు కూడా కాదు.
చెయ్యలేదంటే..." అని
డెస్మండ్ మొదటిసారి వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఓడెస్సా చదవనే లేదు.
కాగితాన్ని దీపానికి ఏటవాలుగా పట్టింది.
మూడు వాక్యాల కింద, సిరా లేని గీతలు,
పై కాగితం మీద రాసి చింపేసిన
పెద్ద ఉత్తరం తాలూకు నొక్కులు.
పేజీ నిండా.

"బయటి సంగతులు తేకూడదు కదా" అన్నాను.
గొంతు నాది కాదు.
"ఇది లోపలిదే" అంది.

కింద డ్రయ్యర్ ఆగింది. అరికాళ్లకి తెలిసింది.
ఈపాటికి 'టైమ్ అయిపోయింది' అనాల్సినదాన్ని.

మిలోరాడ్ ఫోన్లోంచి తలెత్తాడు,
ఈరీకి పొద్దున్నే ఆరూ నలభైకి బస్సుందట,
"రోడ్డు తెరిస్తే" అన్నాడు.
ఒక్క క్షణం ఆగి, తనే దిద్దుకున్నాడు:
"తెరిస్తేనే."

ఆ రెండింటికీ తేడా
పోయిన మంగళవారమే
అతనికి గంటసేపు చెప్పాను.